వెల్డు అంచు మీద సుత్తి దెబ్బలు

వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "మంచి వెల్డుని ఎలా గుర్తుపట్టాలండీ?" నున్నగా, వరస తప్పకుండా, చేప పొలుసుల్లా ఉంటే మంచిదని వాళ్ళకి ఎవరో ముందే చెప్పి ఉంటారు. నాకు నవ్వు ఆగదు. అంత అందమైన వెల్డు చెక్కుచెదరకుండా ఉండి, దాని పక్కనున్న ఇనుము చీలిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో!

ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో మీకు ఆఫీసులో ఎవరైనా చెబుతారు. ఆ గొడవ నేను ఎత్తను. ఈ పని అసలు ఏమిటో నాకు తెలిసివచ్చింది ఒక జల్లెడ వల్ల. ఆ సంగతి తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా కుర్చీలో కుదురుగా కూర్చోలేను. మా ఆవిడ లోపలినుంచి "మళ్ళీ జల్లెడ మొదలెట్టినారా" అంటుంది. అననివ్వండి.

జల్లెడ

అరవైల్లో నేను పనిచేసిన ప్రైవేటు షెడ్డు ఖరగ్‌పూర్ ఊరి చివర, గూడ్సు లైన్లకి అవతల ఉండేది. మేముండేది ట్రాఫిక్ అనే పేటలో, నాన్నకిచ్చిన రైల్వే క్వార్టర్సులో. పొద్దున్న సైరన్ మోగగానే మా వీధి సైకిళ్ళన్నీ రైల్వే వర్క్‌షాపు వైపు తిరిగేవి. నాది ఒక్కటే ఇటు తిరిగేది. "రైల్వే ఇడిచిపెట్టి ప్రైవేటోడి కాడ ఏటిరా నీ ఉజ్జోగం" అని అమ్మ సణిగేది. నాకేమో ఆ షెడ్డంటే ప్రాణం. అక్కడ నేను వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని, నా మాటకి విలువుండేది, ఎప్పుడూ ఏదో ఒక కొత్త తలనొప్పి ఉండేది.

బొగ్గు గనులకి పెద్ద పెద్ద జల్లెళ్ళు తయారు చేసేవాళ్ళం. ఇంట్లో పిండి జల్లించేది అనుకునేరు. ఒక్కొక్కటి గది అంత ఉండేది. మోటారు పెట్టి పొద్దస్తమానం గడగడలాడిస్తుంటే పెళ్ళలు పైన నిలిచి, పొడి కిందకి రాలేది. ఆ కుదుపంతా మోసేవి, పక్క పలకలకి వెల్డు చేసిన బ్రాకెట్లు.

బ్రాకెట్లు వెల్డు చేసేది మా మేనమామ నూకరాజు. అమ్మకి సొంత తమ్ముడు, ఊళ్ళోనే ఖరిదా పేటలో కాపురం. మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. వెల్డు పూర్తవగానే వెల్డరు దాని పక్కనే తన నంబరు కొట్టాలి. అంకెలు చెక్కిన ఉక్కు పంచ్ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఇనుములో నంబరు దిగిపోతుంది. తక్కినవాళ్ళు పంచ్‌ని పనిముట్ల పెట్టెలో పడేసేవాళ్ళు. మా మావ మాత్రం నడుముకి కట్టుకున్న తోలుసంచిలో పెట్టుకునేవాడు, కొట్టే ముందు కళ్ళకద్దుకునేవాడు. ఆ నంబరే ఆయన పరువు.

ఒకనాడు గనుల నుంచి రెండు జల్లెళ్ళు లారీ మీద తిరిగొచ్చాయి. బ్రాకెట్లు పగిలిపోయాయి. ఒకదాంట్లో అయితే పగులు మావ నంబరు మధ్య నుంచే పోయింది.

మా మేనేజరు భాదురీ బాబు బెంగాలీ. తెలుగు నేర్చుకున్నది మా షెడ్డు జనం దగ్గరే కాబట్టి యాస కూడా మాదే. చెడ్డమనిషి కాదు. కానీ ముందు తీర్పు చెప్పి ఆ తరవాత ఆలోచించే రకం. మీకూ ఇలాంటి బాసులు తగులుతారు. వాళ్ళతో పోట్లాడొచ్చు గానీ, వాళ్ళకి చేత్తో తాకి చూసుకునే రుజువు కావాలి.

"ఏటిది నూకరాజు? ఛీ ఛీ! ఈ నంబరు ఎవరిది? నీదే కదా?"

"నాదే దాదా. కానీ నాను సరిగ్గానే ఏసినాను."

"ఏసినావు, పగిలింది. పంచ్ ఇచ్చీ."

మావ కదల్లేదు. భాదురీ బాబు చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. చివరికి మావ సంచి ముడి విప్పి పంచ్ ఇచ్చాడు. "విశ్వకర్మ పూజ మర్నాడు కొత్త జల్లెళ్ళు లారీ ఎక్కాల. అంతదాకా నువ్వు బరువులు మోసే ఖలాసీ పని సెయ్. తప్పు నీది కాదని తేలితే పంచ్ ఇస్తాను. తేలకపోతే ఖతం, ఇంక ఈ షెడ్డులో వెల్డింగ్ హోల్డర్ పట్టుకోవు" అన్నాడు.

నేను అడ్డుపడ్డాను. "నువ్వు సుప్ సత్యం! మావా అల్లుడూ ఒకే పార్టీ" అని నా నోరు మూయించాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. మేనల్లుడు ఇచ్చే సర్టిఫికెట్టుని ఎవరు నమ్ముతారు?

బ్లేడుని పట్టుకున్న ఇనుము

మర్నాడు విరిగిన ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను. పగులు వెల్డులో లేదు! వెల్డు ఎక్కడ ముగిసి పలక ఎక్కడ మొదలవుతుందో, సరిగ్గా ఆ అంచున మొదలై పలకలోకి దిగింది. విరిగిన ముఖం మీద ఆ అంచు నుంచి ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు కనిపించాయి, నీళ్ళలో రాయి వేస్తే వచ్చే అలల్లా. ఒక్క దెబ్బకి విరిగింది కాదది. జల్లెడ ఊగిన ప్రతిసారీ ఇంతింత తెరుచుకుంటూ వచ్చింది. వెల్డు కోసి చూశాను. లోపల బుడగ లేదు, మడ్డి లేదు. మావ పనిని వేలెత్తి చూపడానికి సందు లేదు.

మరి ఆ అంచున ఇనుముకి ఏమైంది? ఇంకా కొంచెం కోసి చూద్దామని వెల్డు ఉన్న పలకని చివరినుంచి అడ్డంగా రంపంతో కోయడం మొదలెట్టాను. సగం దూరం కూడా పోలేదు, బ్లేడు బిగుసుకుపోయింది. లాగితే రాదు, తోస్తే పోదు. కోసిన సందు దానంతటదే మూసుకుని బ్లేడుని పట్టేసింది! పక్కన బల్ల మీద ఊరికే పడి ఉన్న ఇనుము, దాని మీద ఏ బరువూ లేదు. ఖలాసీ బట్టల్లో అటు వెళ్తున్న మావని కేకేశాను.

"మావా, ఇది సూడు! దీన్ని ఎవరు నొక్కుతున్నారు?"

మావ రంపం కదిపి చూసి వెనక్కి జరిగాడు. "అమ్మో, ఇదేటిరా అల్లుడా? దెయ్యమేటి?"

దెయ్యం కాదు. కొత్త గుడ్డని, ఒకసారి ఉతికేసిన గుడ్డకి కుట్టి నీళ్ళలో ముంచండి. కొత్తది ముడుచుకుపోవాలని చూస్తుంది, పాతది ముడుచుకోనివ్వదు. వెల్డూ అంతే. కరిగిన ఇనుము చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి పలక ముడుచుకోనివ్వదు. అందుకని వెల్డు దగ్గర ఇనుము ఎప్పటికీ లాగబడి, దూరంగా ఉన్నది నొక్కబడి ఉండిపోతుంది. నా రంపాన్ని పట్టుకున్నది ఆ నొక్కుడే. పైన ఏ బరువూ లేకపోయినా లోపల మిగిలిపోయే ఈ ఒత్తిడి ఎక్స్‌రేలో కనపడదు, రంగు వేస్తే పోదు. పుస్తకంలో చదివానే గానీ నా చేతికి తగిలింది ఆ రోజే. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

హిజ్లీ దారి

నా మాట నమ్మరు కాబట్టి బయటివాళ్ళ మాట కావాలి. విరిగిన ముక్కలు గోనెసంచిలో చుట్టి, సైకిలు మీద ఊరవతల హిజ్లీలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీకి తీసుకెళ్ళాను. అక్కడ లోహాల బలం పరీక్షించే లాబ్‌లో శాస్త్రిగారని తెనాలి వైపు లెక్చరరు ఉన్నారని విన్నాను. పరిచయం లేదు. గుమ్మంలో గోనెసంచి విప్పేసరికి ఆయన ముక్క లాక్కుని కిటికీ దగ్గరికి పరుగెత్తారు.

"అబ్బ, ఎంత శుభ్రంగా కనపడుతోందండీ! ఇది వెల్డరు తప్పు కాదు. అంచున ఇనుము అప్పటికే లాగబడి ఉంది, పైగా మీ జల్లెడ కుదుపు. పగులు నోరు తెరవడానికి ఇంకేం కావాలి?"

"ఆ మాట మా మేనేజరుతో అంటారా?"

"అంటే నమ్ముతాడా?"

"నమ్మడండి. యంత్రం చెప్పాలి."

ఆయన నవ్వి, మూలనున్న యంత్రాన్ని చూపించారు. ముక్కని బిగించి పైకీ కిందకీ వంచుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు వంచిందో చిన్న చక్రాల మీద అంకెలు తిరుగుతుంటాయి. ముక్క విరిగితే తనంతట తానే ఆగిపోతుంది.

జబ్బు తెలిసింది, మందు కావాలి. బ్రాకెట్లని కొలిమిలో ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లార్చితే లోపలి లాగుడు సడలుతుంది. కానీ గది అంత జల్లెడ పట్టే కొలిమి మాకెక్కడిది? అప్పుడు శాస్త్రిగారు రెండో మార్గం చెప్పారు. గాలితో నడిచే సుత్తికి గుండ్రటి మొండి మొన పెట్టి, చల్లారిన వెల్డు అంచు పొడుగునా దగ్గర దగ్గరగా దెబ్బలు వేయడం. పై పొర పరుచుకోవాలని చూస్తుంది, కింద ఇనుము దాన్ని పరుచుకోనివ్వదు. దాంతో అంచు నొక్కబడి ఉంటుంది. లాగుడు పోయి నొక్కుడు వస్తుంది. నొక్కబడినచోట పగులు నోరు తెరవలేదు.

"మొన మాత్రం మొండిదై ఉండాలి. పదునైన గుంట పడితే అదే పగులుకి పుట్టిల్లవుతుంది. ఇదిగో, ఈ పంచ్ అంకెలు చూడండి" అని మావ నంబరు గుండా పోయిన పగులు చూపించారు.

యంత్రం మీద పరీక్ష చేయిద్దామంటే భాదురీ బాబు ఒప్పుకున్నాడు. "నీ మావ వెల్డు మీదే కదా గొడవ, మావే ముక్కలు సెయ్యనీ" అన్నాడు. కొన్ని ముక్కలు వెల్డు చేసి వదిలేయాలి, కొన్నిటికి సుత్తి దెబ్బలు వేయాలి. ఏవి ఎక్కువ కాలం నిలుస్తాయో చూడాలి. చాలా రోజుల తరవాత హోల్డరు పట్టుకున్న మావ మొహం వెలిగిపోయింది. పనంతా తనే చేసి, తనే సైకిలు మీద హిజ్లీకి మోసుకెళ్ళి ఇచ్చాడు.

నీలి మచ్చ

సుత్తి దెబ్బలు తిన్న ముక్కలు మామూలు ముక్కల కంటే ముందే విరిగాయి.

శాస్త్రిగారు కబురు పంపితే పరుగెత్తాను. ఆయన మొహం వాడిపోయి ఉంది. షెడ్డుకి తిరిగొచ్చి చెప్పగానే భాదురీ బాబు చేతులు దులిపేసుకున్నాడు. "హోయే గెలో! అయిపోయింది! సుత్తి లేదు, మందు లేదు. వెల్డరుదే తప్పు." మావ ఆ సాయంత్రం ఖరిదాలో టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, "నాను ఊరెల్లిపోతాన్రా అల్లుడా. విజీనారంలో గేట్లూ గ్రిల్లులూ సేసుకుంటాను. ఇక్కడ ఖలాసీ బట్టలేసుకుని తిరగలేను" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

కానీ మనసు ఒప్పుకోలేదు. నొక్కబడిన అంచు అంత తొందరగా ఎలా తెరుచుకుంటుంది? మర్నాడు మళ్ళీ హిజ్లీ వెళ్ళి విరిగిన ముక్కలని భూతద్దం కింద పెట్టాను. పైపైన శుభ్రంగా వైర్ బ్రష్ కొట్టి ఉంది. సుత్తి గుంటల్లోకి మాత్రం బ్రష్ వెళ్ళలేదు. ఆ గుంటల అడుగున నీలం రంగు! నెమలికంఠం రంగు! ఇనుము వేడెక్కితే తప్ప ఆ రంగు రాదు. చల్లగా కొట్టిన దెబ్బల్లో వేడి ఎక్కణ్ణించి వచ్చింది?

నేనూ శాస్త్రిగారూ ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే నేను సైకిలెక్కేశాను.

"మావా! ఆ ముక్కలకి మంట పెట్టినావా?"

మావకి నా కంగారు అర్థం కాలేదు. "మంట పెట్టకపోతే ఎలాగరా? సుత్తి దెబ్బలకి ముక్క వొంకర తిరిగిపోనాది. కాలేజీకి పంపే ముక్క వొంకరగా పంపుతానా? గేసు మంట ఆడించి, నీల్లు పోసి, సాపు సేసీసినాను. తిన్నగా వొచ్చింది సూడు, రూళ్ళకర్రలాగ!"

ఇదీ సంగతి! ఖరగ్‌పూర్ పనివాళ్ళకి తాతల నాటి నుంచి వచ్చిన అలవాటది. వంకర పోయిన ఇనుముని ఉబ్బెత్తు వైపు మంటతో కాల్చి నీళ్ళు పోస్తే తిన్నగా వచ్చేస్తుంది. వంకర వస్తువుని చేతి మీదుగా బయటికి పంపడమంటే వాళ్ళకి తలవంపు. వద్దని మేమెవరం చెప్పలేదు, మాకు తట్టనే లేదు. దెబ్బలు వేసిన వైపే ఉబ్బుతుంది కాబట్టి మావ మంట పెట్టింది సరిగ్గా ఆ అంచు మీదే. సుత్తి తెచ్చిన నొక్కుడుని మంట తుడిచేసింది, చల్లారేటప్పుడు మళ్ళీ లాగుడు తెచ్చిపెట్టింది. తన పంచ్ తిరిగి ఇప్పించాల్సిన ముక్కలని, తన మంచి పనితనంతో తనే చంపుకున్నాడు!

నేను నవ్వుతూ ఆయన్ని కావలించుకున్నాను. "నీకేటైనా పిచ్చేటిరా" అని విదిలించుకున్నాడు. విషయమంతా చెప్పాను. ఆయన నెమ్మదిగా, "అయితే వొంకరగానే పంపాలా?" అని అడిగాడు. అంత కష్టంగా ఆయన ఏ మాటా అనడం నేను వినలేదు.

పిల్లలూ, మీరు రాసుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇది. ఒక మందు పనిచేయలేదని కొట్టిపారేసే ముందు, ఆ మందు తరవాత ఆ ఇనుముకి ఇంకా ఏమేం చేశారో ప్రతి చెయ్యినీ అడగండి. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆ రోజు నేను మావని కోపంగా అడిగి ఉంటే మంట సంగతి బయటికి వచ్చేది కాదు.

పూజ రోజు ఆగని యంత్రం

భాదురీ బాబు రెండో పరీక్షకి ఒప్పుకున్నాడు గానీ గడువు మార్చలేదు. పూజ మర్నాడు లారీ వెళ్ళాలి. మావ కొత్త ముక్కలు చేశాడు, దెబ్బలు వేశాడు, వంకరగానే అప్పగించాడు. ఇచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు. యంత్రం మొదలైంది. మామూలు ముక్కలు ఏ అంకె దగ్గర విరిగాయో శాస్త్రిగారు నల్లబల్ల మీద సుద్దతో రాసి, కింద గీత గీశారు.

ఆ అంకె ఇంకా దూరంగా ఉండగానే విశ్వకర్మ పూజ వచ్చేసింది. ఆ రోజు ఖరగ్‌పూర్‌లో ఒక్క పనిముట్టు కూడా కదలదు. అన్నిటినీ కడిగి, బొట్లు పెట్టి, దండలేస్తారు. ఆకాశమంతా గాలిపటాలు. నేను లాబ్‌కి వెళ్ళేసరికి అటెండరు మండల్ దా చేతిలో బంతిపూల దండతో యంత్రం స్విచ్చు దగ్గర నిలబడి ఉన్నాడు.

"దాదా, ఆపకు! ఇవాళ ఆగితే మా మావ పని అయిపోయినట్టే" అని చేతులు పట్టుకున్నాను.

మండల్ దాకి మా సంగతంతా తెలుసు. గడగడలాడుతున్న యంత్రాన్ని చూశాడు, దండని చూశాడు. "ఇవాళ దీని పూజ. దీనికి పని ఇష్టమైతే ఆపడానికి నేనెవర్ని?" అని హిందీలో అని, యంత్రంలో కదలని స్తంభానికి దండ వేసి, బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించాడు. పూలు వణుకుతూ ఉంటే యంత్రం పనిచేస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి భాదురీ బాబు షెడ్డు పూజ ప్రసాదం పట్టుకుని వచ్చాడు. వెనకాలే కొత్త చొక్కా వేసుకుని మావ. లోపలికి రమ్మంటే రాలేదు. వరండాలో స్తంభాన్ని పట్టుకుని గాలిపటాలు చూస్తూ నిలబడ్డాడు.

అంకె సుద్ద గీతకి దగ్గరవుతోంది. భాదురీ బాబు చేతిలో బూందీ చేతిలోనే ఉంది. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. వచ్చేసింది. దాటింది!

"దాటింది మావా!" అని అరిచాను. శాస్త్రిగారు నా భుజం మీద గుద్దారు. మావ వెనక్కి తిరగలేదు. "ఆగిపోనాదేటి?" అని అటే చూస్తూ అడిగాడు. ఆగలేదు. సాయంత్రం దాకా ఆగలేదు, గాలిపటాలన్నీ దిగిపోయేదాకా ఆగలేదు. నల్లబల్ల మీది అంకెకి రెట్టింపు దాటిపోయినా ముక్క మీద వెంట్రుకంత పగులు లేదు. భాదురీ బాబు భూతద్దం లాక్కుని స్వయంగా చూశాడు, అంచుని వేలితో తడిమాడు. "దారుణ్! దారుణ్!" అని అరిచాడు. బెంగాలీలో అది మెచ్చుకోలు.

అక్కడ కాదు

మర్నాడు పొద్దున్న షెడ్డులో, తక్కిన వెల్డర్లు చేసిన కొత్త జల్లెళ్ళ బ్రాకెట్లన్నిటి అంచునా మావ గాలిసుత్తి ఆడించాడు. కొంచెం కొంచెం వంగాయి. కుదరనిచోట కింద పల్చటి రేకు ముక్కలు పెట్టి బోల్టులు బిగించాం. మంట ఎవరూ ముట్టించలేదు. వంగిన ప్రతి బ్రాకెట్ మీదా మావ చూపు ఒక్క క్షణం నిలిచేది, చెయ్యి గ్యాసు టార్చి వైపు పోయేది, మళ్ళీ తనే వెనక్కి తీసుకునేవాడు. లారీ బయట హారను కొడుతోంది. ఈ వింత చూడాలని శాస్త్రిగారు కూడా వచ్చారు.

భాదురీ బాబు జేబులోంచి పంచ్ తీశాడు. అందరూ చూస్తుండగా మావ చేతిలో పెట్టాడు. "తప్పు నీది కాదు నూకరాజు. ఈ సుత్తి పని నీదే, కొట్టీ నీ నంబరు."

మావ కళ్ళు చెమర్చాయి. పంచ్ కళ్ళకద్దుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటున తిన్నగా వెళ్ళి, సుత్తి దెబ్బలు తిన్న అంచు పక్కనే దాన్ని ఆనించి, సుత్తి పైకెత్తాడు.

"అక్కడ కాదు!" ముగ్గురం ఒక్కసారే కేకేశాం, నేనూ, శాస్త్రిగారూ, విచిత్రంగా భాదురీ బాబు కూడా.

సుత్తి గాలిలో ఆగింది. మావ పదునైన పంచ్ అంకెలు చూసుకున్నాడు, నున్నటి సుత్తి గుంటలు చూసుకున్నాడు. తల ఊపాడు. పంచ్‌ని వెల్డు నుంచి మెల్లగా జరుపుకుంటూ, కుదుపు తగలని మూల దాకా తీసుకెళ్ళి, మమ్మల్ని చూశాడు.

"ఇక్కడా?"

"అక్కడే మావా!"

సుత్తి పడింది. షెడ్డంతా మోగింది. వంకర బ్రాకెట్ మూలన మా మావ నంబరు మెరిసింది.